పదో బిడ్డ

ఆ ఎండాకాలం మా వీధిలో పిల్లల్ని అప్పిచ్చుకున్నాం.

చక్కెర అప్పు తెచ్చుకోవడం, చేట అడిగి తెచ్చుకోవడం మాకు కొత్తేం కాదు. బిడ్డని అడగడం మాత్రం అదే మొదలు. "వదినా, మీ చిన్నదాన్ని ఒక్క పూట ఇస్తావా? మధ్యాహ్నానికల్లా తెచ్చి అప్పజెప్తా" అని సెలూన్ వాళ్ళ గుమ్మంలో నిలబడి అడిగాను. ఆవిడ నవ్వలేదు. ఎందుకని అడగలేదు. పిల్లకి మొహం కడిగి, గౌను మార్చి, నా చంకన పెట్టింది. అప్పటికే వీధి వీధంతా తెలుసు ఎందుకో.

సంగతి అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్తాను. చెప్తే కడుపుమంట చల్లారుతుందని కాదు. చెప్పకపోతే అది లోపల్నుంచి నన్నే కాల్చేలా ఉంది.

మాది ఉమ్మడి సంసారం. మా ఆయన పంక్చర్లు వేస్తాడు. బావగారు లారీ ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. తోడికోడల్ని నేను అక్కా అంటాను. ఆవిడది నూలు మిల్లులో షిఫ్టు పని. నేను ఇంట్లోనే కూర్చుని, కంపెనీ వాళ్ళు మూటలు కట్టి పంపే కొత్త చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరిస్తాను. ఎనిమిదో తరగతిలో బడి మానిపించారు గానీ చదవడం రాయడం బాగానే వచ్చు. పాల ప్యాకెట్ మీద తేదీ చదువుతాను, మందు సీసా మీద సన్నక్షరాలు చదువుతాను, చదివిన ప్రతిదానికీ భయపడతాను. "నీకు బడి మానిపించడం ఆలస్యమైందే, ఇంకో రెండేళ్ళు ముందే మానిపించాల్సింది" అంటుంది మా అత్త.

అక్కకీ నాకూ ఒకే వానాకాలంలో కాన్పులు. ఆవిడకి కొడుకు, నాకు కూతురు. వాడు బొద్దుగా ఉంటాడని బండోడు అన్నాం. నా పిల్ల తాగిన పాలు ఎక్కడికి పోతున్నాయో తెలియకుండా ఉంటుంది కాబట్టి పిచ్చుక అన్నాం. అక్క మిల్లుకి పోతే బండోడు నా దగ్గరే. ఆవిడ షిఫ్టు పొడిగించిన రోజు, వాడు ఏడుపు మొదలుపెడితే, ఇటు పిచ్చుకని అటు వాణ్ణి వేసుకుని ఇద్దరికీ నేనే పాలిచ్చేదాన్ని. "కవలల్ని కన్నావా ఏంటే?" అని వచ్చేపోయేవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. నాకేం అనిపించేది కాదు. వాడు తాగేటప్పుడు నా బొటనవేలు పట్టుకుంటాడు. వదిలించుకోవడం కష్టం.

తొమ్మిదో నెల నిండగానే తట్టు టీకా వేయించాలి. ఆ మాట కార్డు మీద ఉంది, చదివాను, భయపడ్డాను. ఎండలు ముదిరే ముందే వేయించేయాలని పట్టుబట్టాను.

మా ఆరోగ్య కేంద్రం నీళ్ళ ట్యాంకు పక్కన రెండు గదులు. టీకాలు నెలకొక్క బుధవారం. ముందు గదిలో బెంచీ, బెంచీ మీద నీలం రంగు ఐసు పెట్టె, పెట్టె వెనక నర్సమ్మ. గోడ మీద నవ్వుతున్న పాప బొమ్మ, కింద పెద్ద అక్షరాలు: "ప్రతి బిడ్డకూ టీకా. కేంద్ర ప్రభుత్వ సంకల్పం." అక్క షిఫ్టులో ఉందని నేను ఆ రోజు పిచ్చుకని చంకనా బండోణ్ణి భుజం మీదా వేసుకుని వెళ్ళాను. అప్పటికే ఇంకో ఇద్దరు తల్లులున్నారు.

నర్సమ్మ మా మొహాలు చూడలేదు. తలలు చూసింది. పెద్ద తలలు వదిలేసి చిన్న తలలు లెక్కపెట్టింది.

"నలుగురేనా? ఇంకొంచెం సేపు చూద్దాం."

చూశాం. ఆటోవాడు సీట్లు నిండేదాకా కదలకుండా, ఇంకొక్కరు ఇంకొక్కరు అని రోడ్డు వైపు చూస్తాడే, అలా చూస్తూ కూర్చుంది ఆవిడ. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. పిల్లలు నలుగురూ వంతులేసుకుని ఏడ్చారు.

"అమ్మా, మావాళ్ళకి వేసేయండి. ఇంకెవరన్నా వస్తే వాళ్ళకి తర్వాత వేద్దురు గానీ" అన్నాను.

"అలా కుదరదమ్మా. ఈ మందు పొడి రూపంలో ఉంటుంది. సీసాలో పదిమందికి సరిపడా. నీళ్ళు కలిపానంటే నాలుగ్గంటల్లో వాడేయాలి, లేదంటే పారబోయాలి. నలుగురికి వేసి ఆరుగురిది పారబోస్తే నేను జవాబు చెప్పుకోవాలి."

"ఎవరికి?"

"ఆఫీసు సారుకి."

"ఆయన?"

"పైన కేంద్రానికి. మందు పంపేది వాళ్ళే కదా. ఎంత పంపాం, ఎంత వేశారు, ఎంత పారబోశారు అని అడుగుతారు." ఆవిడ ఐసు పెట్టె మూత మూసేసింది. "వచ్చే నెల రండి. పదిమందిని చూసుకుని రండి."

పదిమందిని చూసుకుని రావాలట! నేనేం పెళ్ళిపెద్దనా, బస్సు కట్టించుకుని రావడానికి? గోడ మీద ప్రతి బిడ్డకూ అని రాసుంది, పదేసి మంది బిడ్డలకి అని లేదే. ఆ మాట పైకి అనలేదు. నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆవిడ చేతిలో సూది ఉంది, రేపు నా పిల్లకి వేయాల్సింది ఆవిడే. నోరు మూసుకుని ఇద్దర్నీ ఎత్తుకున్నాను.

భోజనాల దగ్గర చెప్తే మా ఆయన ముద్ద పట్టుకునే నవ్వాడు.

"పదిమందైతేగానీ పంక్చర్ వేయనని నేనంటే జనం నన్ను ట్యూబుతోనే కొడతారు."

"నవ్వు. నీకేం పోయింది" అన్నాను.

"ఏంటే ఈ టీకాల గోల? మా రోజుల్లో టీకాలేసుకునే పెరిగామా?" అంది అత్త.

"మీకెంతమంది పుట్టారత్తా? ఎంతమంది మిగిలారు?" అంది అక్క. నెమ్మదిగానే అంది. అక్క ఏదన్నా నెమ్మదిగానే అంటుంది. అత్త మజ్జిగ కలుపుకుని తినేసి లేచిపోయింది.

మధ్యలో పెద్దాసుపత్రికి కూడా వెళ్ళొచ్చాను, బస్సులో వాంతి చేసుకున్న పిచ్చుకని ఒళ్ళో పెట్టుకుని. కిటికీలో కూర్చున్నాయన కార్డు తిప్పి చూసి, "మీది ఆ సెంటర్ కదమ్మా, అక్కడే వేయించుకోవాలి" అని కార్డు నా వైపు జరిపాడు. అక్కడ పదిమంది కావాలంటున్నారండీ అంటే, "అయితే పదిమంది అయ్యాక వెళ్ళండి" అన్నాడు. అంత తేలిక. ప్రైవేటులో అయితే ఎప్పుడంటే అప్పుడు పొడుస్తారు, ఒక్కరికైనా పొడుస్తారు, కానీ ఆ ఒక్క పోటుకి మా ఆయన ఎన్ని ట్యూబులు నీళ్ళలో ముంచి బుడగలు వెతకాలో! అదీ ఇద్దరు పిల్లలకి. పిచ్చుకకి వేయించి బండోణ్ణి వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. వాడికి వేయించి దీన్ని ఆపడం అంతకన్నా ఒప్పదు.

కాబట్టి రెండో నెలకి మంది కోసం తిరిగాను. ఓట్లడిగేవాళ్ళలా గుమ్మం గుమ్మం తిరిగాను. అప్పటికి వెనక వీధిలో తట్టు మొదలైందని వినికిడి. టైలరు వాళ్ళ మనవరాలికి ఒళ్ళంతా ఎర్రగా పేలింది, కళ్ళు తెరవట్లేదు అన్నారు. ఆ మాట నాకు కలిసొచ్చింది. ఇలా అనడం తప్పేమో, కానీ నిజం. భయం చెప్తే గానీ ఎవరూ కదల్లేదు.

అక్క సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడి ఒక పూట సెలవు పెట్టింది. "ఇద్దర్ని మోసుకుని నువ్వెంతని తిరుగుతావ్. ఈసారి వాణ్ణి నేనెత్తుకుంటా" అంది.

ఆ బుధవారం తొమ్మిదిమంది పిల్లలయ్యారు.

నర్సమ్మ లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఆవిడ మొహం కూడా విప్పారింది. "ఒక్కరు తక్కువ. వచ్చేస్తారు, చూద్దాం" అంది. ఐసు పెట్టె తెరిచి సీసా చేతిలోకి తీసుకుంది, చూసింది, మళ్ళీ లోపల పెట్టింది. ఇప్పుడు తల్చుకుంటే, ఆ చెయ్యి పట్టుకుని ఆపి ఉంటే బాగుండేది అనిపిస్తుంది. నర్సమ్మ చెయ్యి ఎవరు పట్టుకుంటారు?

పదో బిడ్డ కోసం చూశాం. వీధి మొగలో ఎవరైనా ఆడమనిషి చంకలో మూటతో కనబడితే చాలు, అందరం మెడలు సాచేవాళ్ళం. దగ్గరికొచ్చాక చూస్తే బియ్యమో, ఉతికిన బట్టలో! "ఆ బియ్యం మూటకే కార్డు రాసేయమ్మా, అయిపోద్ది" అంది సెలూన్ వదిన. ఆవిడ తోడుకోసం వచ్చింది, వాళ్ళ పిల్లకి ప్రైవేటులో ముందే వేయించారు. ఆ సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు, ఆవిడే అందరికీ చెప్పుకుంది. అందరం నవ్వాం. నర్సమ్మ కూడా పెదవి బిగించి నవ్వింది.

తర్వాత నవ్వులు తగ్గాయి. ఇళ్ళలో పనికి పోయే ఆవిడ, "అమ్మగారు ఊరుకోదు" అని లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి ఇంకో ఆవిడ మొగుడొచ్చి గుమ్మంలోంచే కేకేశాడు, ఆవిడా పోయింది. ఒక్కరి కోసం చూస్తూ చూస్తూ ఇద్దర్ని పోగొట్టుకున్నాం. ఏడుగురు మిగిలారు.

అప్పుడు నర్సమ్మ ఫోన్ చేసింది. పాపం, చేసింది. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను.

"సార్, ఏడుగురున్నారు సార్. వెనక వీధిలో కేసులు కూడా… అవును సార్… తెరవమంటారా సార్?"

అవతలి గొంతు మా దాకా వినబడుతూనే ఉంది. "పోయినేడు ఎంత వేస్టేజీ చూపించావో గుర్తుందా? కేంద్రం వాళ్ళు నా పీక మీద కూర్చున్నారు ఇక్కడ. నువ్వేమో ఏడుగురికీ ఆరుగురికీ తెరుస్తానంటావ్. వచ్చే నెల చూసుకో."

ఫోన్ పెట్టేసి ఆవిడ మావైపు తిరిగింది. ఐసు పెట్టె మూత వేసేసింది. మేం విన్నాం కదా.

దారిలో అక్క నాకన్నా ముందు నడిచింది. బండోడు ఆవిడ భుజం మీద నిద్రపోయాడు. మా ఇంటి మలుపు దగ్గర ఆగి, "ఇంకోసారి సెలవంటే రావద్దన్నాడు సూపర్‌వైజరు. వచ్చే నెల నన్ను పిలవకు. వాణ్ణి నువ్వే తీసుకెళ్ళు" అంది. "వేయించాకే ఇంటికి తీసుకురా" అని మళ్ళీ అంది, అదేదో నా చేతిలో ఉన్నట్టు.

ఎండలు మండిపోయాయి ఆ నెల. వెనక వీధిలో తట్టు మా వీధిలోకి వచ్చింది. ఎవరింట్లో పిల్ల తుమ్మినా మా తలుపు వేసేసేదాన్ని. పిచ్చుకని గుమ్మం దాటనివ్వలేదు, బండోణ్ణి దాటనివ్వలేదు. చొక్కాలు తెచ్చే కుర్రాణ్ణి మూట బయటే పడేసి పొమ్మన్నాను. పొద్దున లేస్తూనే ఇద్దరి చెవుల వెనకా మెడ కిందా వెలుతురులో పెట్టి చూడటం, చెమటకాయని చూసి హడలిపోవడం. అత్త విసుక్కునేది. "పిల్లల్ని చూస్తున్నావా, బియ్యంలో రాళ్ళేరుతున్నావా?"

మూడో నెలకి మాత్రం పక్కాగా పదిమందిని కట్టాను. ఎవరు ఎవరితో రావాలో, ఎవరి పనికి ఎవరు బదులు వెళ్ళాలో అన్నీ మాట్లాడాను. మా ఇద్దరితో కలిపి సరిగ్గా పది. ఏ ఒక్కరూ జారకూడదని ముందు రోజు కూడా తిరిగి చెప్పొచ్చాను.

ఆ బుధవారం పొద్దున బండోణ్ణి ఎత్తుకుంటే చెయ్యి చురుక్కుమంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముక్కు కారుతోంది. నేను వాణ్ణి వెలుతురులోకి తీసుకెళ్ళలేదు. చూడాలంటే భయమేసింది. అక్క చూసింది. చెవి వెనక చూసి, జుట్టు సర్ది, వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వు పో" అంది.

"అక్కా…"

"పిచ్చుకని తీసుకుని పో. అక్కడ నీకోసం చూస్తుంటారు. నువ్వు పోకపోతే ఎనిమిదే."

నేను పోయినా తొమ్మిదే. అందుకే సెలూన్ వదిన గుమ్మంలో నిలబడి బిడ్డని అరువడిగాను.

నర్సమ్మ ముందు బండోడి కార్డు పెట్టాను. నా ఎడమ చంకలో ఉన్న సెలూన్ వాళ్ళ పిల్ల, పూల గౌనూ కాటుకబొట్టూ పెట్టుకుని, ఆవిడ వైపు చూసి చేతులూపింది. నర్సమ్మకి ఆ పిల్లని తెలుసు. ఆ పిల్ల తల్లిని ఇంకా బాగా తెలుసు.

"మగపిల్లాడని ఉంది కార్డులో" అంది.

"అవునండి."

"గౌను వేశారే?"

"ఉతికిన చొక్కా లేదండి" అన్నాను. ఇల్లంతా చొక్కాల మూటలే నాకు.

ఆవిడ చాలాసేపు నా మొహం చూసింది. మొదటిసారి తల కాకుండా మొహం చూసింది. బండోడికేమైందో అడగలేదు. అడిగితే నేను చెప్పగలిగేదాన్ని కాదు. "పది" అని పైకి అని, సీసా మూత పీకి నీళ్ళు కలిపింది.

పిచ్చుకకి టీకా పడింది. వెర్రికేక పెట్టింది. ఆ ఏడుపు వింటుంటే నాకు ఒళ్ళంతా తేలికైంది. సెలూన్ వాళ్ళ పిల్ల వంతు వచ్చినప్పుడు నర్సమ్మ జబ్బ మీద దూది రాసి, సూది పెట్టకుండా పంపేసింది. సీసాలో ఒక్క బిడ్డకి సరిపడా మందు మిగిలిపోయింది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఆవిడా చూసింది. ఆ సాయంత్రం అది పారబోసే ఉంటారు. ఆ చుక్క మందుకి పైన ఎవరైనా జవాబు అడిగారో లేదో నాకు తెలియదు.

బండోడికి తట్టు పేలి ఊరికే తగ్గిపోలేదు. జ్వరం తలకెక్కింది, ఫిట్స్ వచ్చాయి, రెండు చెవుల్లోంచీ చీము కారింది. ఏ పెద్దాసుపత్రి కిటికీలోంచి నన్ను తిప్పి పంపారో ఆ ఆసుపత్రిలోనే మంచానికి ఇద్దరు చొప్పున పడుకోబెట్టారు పిల్లల్ని. బండోడి పక్కన కాళ్ళవైపు తల పెట్టి ఇంకెవరి బిడ్డో. అక్క నిలబడే ఉండేది. నేను వెళ్ళినప్పుడల్లా రొమ్ము అందిస్తే, వాడికి చప్పరించే ఓపిక కూడా లేదు. బొటనవేలు చేతిలో పెడితే పట్టుకోలేదు.

డాక్టరు రౌండ్‌కి వచ్చాడు. చిన్నవాడు. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"తట్టు టీకా వేయించలేదా?"

అక్క తల అడ్డంగా ఊపింది.

"ఏంటమ్మా మీరు! ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంటే వేయించడానికి కూడా బద్ధకమేనా? పిల్లల్ని కంటారు, ఆ మాత్రం తీసుకెళ్ళలేరు?"

"తీసుకెళ్ళాం" అన్నాను నేను. "తీసుకెళ్ళామండి. రెండుసార్లు తీసుకెళ్ళాం. సెలవు పెట్టి తీసుకెళ్ళింది. మందు కళ్ళముందే పెట్టుకుని, మీరు పదిమంది లేరని—"

ఆయన అప్పటికే పక్క మంచం దగ్గరున్నాడు. అక్కడి తల్లిని కూడా అదే అడుగుతున్నాడు. నా మాట నర్సులూ, ట్రాలీ తోసేవాళ్ళూ, పక్క మంచాలవాళ్ళూ అందరూ విన్నారు, ఆయన తప్ప. అక్క నా మోచెయ్యి పట్టుకుని, "ఊరుకో. వాడికి సూది వేయాల్సింది ఆయనే" అంది. మా ఇద్దరి భయమూ ఒకటే చూశారా! సూది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ ముందు నోరు మూసుకోవాలి.

వాడు బతికాడు. సగమై ఇంటికొచ్చాడు. బండోడు అని పిలవడానికి సిగ్గేసేలా చిక్కిపోయాడు. మిల్లువాళ్ళు అక్క చోటులో వేరే మనిషిని పెట్టుకున్నారు. అత్త ఆ రోజుల్లో నాతో ఒక్క పుల్లవిరుపు మాట కూడా అనలేదు. ఉన్నట్టుండి వాడి పక్కన కూర్చుని కాళ్ళు పిసుకుతూ ఉండేది. మా ఇంట్లో అంత నెమ్మది ఎప్పుడూ లేదు. నాకది నచ్చలేదు.

వెనక వీధిలో ఒక పాప పోయింది. పేపర్లో పడింది. అంతే! మొదటి వాన పడేసరికి తెల్ల బండ్లు దిగాయి. ఏ సీసా కోసమైతే మేం మూడు నెలలు తలలు లెక్కపెట్టించుకున్నామో ఆ సీసాలు పెట్టెలకి పెట్టెలు దిగాయి. గుమ్మంలో ఒక్క బిడ్డ కనిపిస్తే చాలు, అక్కడే తెరిచి అక్కడే పొడుస్తున్నారు. పదీ లేదు పాతికా లేదు. మిగిలింది కాలవలో పోస్తున్నారు. ఉంది! అంటే ఎక్కడో ఉంది. మా పిల్లలు జ్వరంతో మాడేటప్పుడు కూడా అది చల్లగా పెట్టెల్లో ఉంది.

నీళ్ళ ట్యాంకు కింద మీటింగ్ పెట్టారు. షామియానా, టేబుల్ మీద తెల్లగుడ్డ, పూలగుత్తి, నీళ్ళ సీసాలు. తల్లులందరూ పిల్లలతో రావాలని మైకులో చెప్పారు. అక్కా నేనూ ముందు వరసలో, సౌండు బాక్సు పక్కనే చాప మీద కూర్చున్నాం. ఖాళీ అక్కడే ఉంది.

మైకు సరిచేస్తుంటే బాక్సులోంచి ఒక్కసారి కీచుమని అరుపు. చెవులు చిల్లులు పడ్డాయి. షామియానా కింద ఉన్న పసిపిల్లలందరూ ఒకేసారి ఉలిక్కిపడి ఏడుపందుకున్నారు. పిచ్చుక నా మెడ పట్టుకుని వేలాడింది.

బండోడు బాక్సుకి ఆనుకుని కూర్చుని చాప పుల్ల పీకుతున్నాడు. పీకుతూనే ఉన్నాడు.

అక్క కాసేపు వాణ్ణి చూసింది. తర్వాత గాజుల చెయ్యి వాడి తల వెనక్కి తీసుకెళ్ళి ఊపింది. మళ్ళీ ఊపింది. చెయ్యి తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

కేంద్రం నుంచి వచ్చిన సారు లేచాడు. చెడ్డమనిషిలా లేడు. మెత్తగా, అర్థమయ్యేలా మాట్లాడాడు. ఈ దేశంలో ఏ మూల పుట్టిన బిడ్డకైనా టీకా అందించడం కేంద్రం బాధ్యత అన్నాడు. మందుకి కొరత లేదన్నాడు. "ఒక్క బిడ్డ వచ్చినా సరే సీసా తెరవమని మేం ఎప్పుడో చెప్పాం. మిగతాది వృథా అయినా పర్లేదు. ఒక్క బిడ్డ కూడా వెనక్కి పోకూడదు. ఇది మా స్పష్టమైన ఆదేశం" అన్నాడు. వెనక కుర్చీల్లోవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆయన పక్కనున్న ఆఫీసు సారు మైకు అందుకున్నాడు. ఆ గొంతు ఫోన్లో విన్నదే. "కింది స్థాయిలో సిబ్బంది పొరపాటు జరిగింది. సిస్టర్ మీద చర్య తీసుకుంటున్నాం" అన్నాడు. అందరూ నర్సమ్మ వైపు తిరిగారు. ఆవిడ షామియానా గుంజ పట్టుకుని నిలబడి ఉంది. నేల చూస్తోంది.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. "అబద్ధం" అన్నాను. పిచ్చుక చంకలో ఉంది. "ఆవిడ మీకు ఫోన్ చేసింది సార్. నేనక్కడే ఉన్నాను. తెరవద్దన్నది మీరు. పైన అడుగుతారు అన్నారు." కేంద్రం సారు వైపు తిరిగాను. "మీరు తెరవమని చెప్పారు, సరే. ఎంత పారబోశారని అడిగేది కూడా మీరే కదా? ఎంతమంది పిల్లలు వెనక్కి పోయారని ఎప్పుడైనా అడిగారా? మందు కేంద్రానిదంటారు, వేసే చెయ్యి ఇక్కడివాళ్ళదంటారు. జ్వరం మాత్రం అచ్చంగా మాదేనా?"

కేంద్రం సారు మైకు మళ్ళీ తీసుకుని తల పంకించాడు. "మంచి పాయింట్ చెప్పావమ్మా. నోట్ చేసుకోండి" అన్నాడు పక్కనున్నాయనతో. ఆయన నోట్ చేసుకున్నాడు. ఎవరో టీ కప్పులు తెచ్చారు. ఎవరో నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చున్నాను! అదీ నా కోపం. అంత అరిచి, ఒక మంచి పాయింటునై కూర్చున్నాను.

అప్పుడు అక్క లేచింది.

బండోణ్ణి ఎత్తుకుని, చాపలు దాటుకుని టేబుల్ దగ్గరికి నడిచింది. ఎవరూ ఆపలేదు. చేతిలో బిడ్డ ఉన్న ఆడమనిషి పెద్దసారు దగ్గరికి వెళ్తుంటే దణ్ణం పెట్టించడానికనుకుంటారు ఎవరైనా. వాణ్ణి టేబుల్ మీద, సారుకి వీపు చేసి, పూలగుత్తి ముందు కూర్చోబెట్టింది. పడిపోకుండా నడుం దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏంటమ్మా? ఏం కావాలి?" అన్నాడాయన.

"ఏం వద్దు సార్. ఒక్కసారి పిలవండి వీణ్ణి. బండోడంటాం."

ఆయన నవ్వాడు. "బండోడా? ఏడీ బండోడు?"

వాడు పువ్వు రేక పీకి చూసుకుంటున్నాడు.

"ఒరే బండోడూ" అన్నాడాయన కొంచెం వంగి. ఆ తర్వాత అక్క మొహం చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆఫీసు సారు టీ కప్పు కింద పెట్టాడు.

"ఇంకొంచెం గట్టిగా పిలవండి సార్" అంది అక్క, నెమ్మదిగానే.

మైకు ఆయన చేతిలోనే ఉంది. ఆ సంగతి మర్చిపోయాడనుకుంటాను. ఆయన మళ్ళీ పిలిచిన పిలుపు వీధి చివరిదాకా వినబడింది.